తొలి రేకు

భీమేశ్వరరావు కుడిచెయ్యి మొట్టమొదట ఎదురుతిరిగింది నేతి గిన్నె దగ్గర. పూతరేకు మీద నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి, ఎక్కడా పగలకుండా మడత పెట్టడంలో ఆ లంకల్లో అతనికి సాటి లేరు. కుండ మీద రేకు తీసేది పెళ్ళాం అనంతలక్ష్మి, మడత పెట్టేది అతను. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస. అలాంటిది ఆ రోజు వరసపెట్టి పదకొండు రేకులు పగిలాయి.

"ఏంటండీ, ఇయ్యాల రేకుల మీద కక్షగట్టారా?" అంది ఆవిడ కుండ దగ్గర్నించే.

అతను నవ్వేసి పన్నెండోది తీసుకున్నాడు. బొటనవేలు తనంతట తానే చూపుడువేలిని రాస్తూ కూచుంది. ఆగమంటే ఆగలేదు. ఎడమచేత్తో అదిమి పట్టుకుంటే భుజం దాకా పాకింది.

పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలు రాశారు. నాలుగేళ్ళు ఆ మాత్రలు మాట విన్నాయి, తర్వాత వాటికీ లోకువైపోయాడు. ఏడో ఏటికి చొక్కా బొత్తం పెట్టుకోలేడు. గడప ముందుకొస్తే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, ఎంతసేపటికీ లేవవు. పక్కమీద ఇటునుంచి అటు తిరగాలన్నా అనంతలక్ష్మి లేచి తిప్పాలి. ఆవిడకి బీపీ వచ్చింది, నడుం పట్టేసింది, కళ్ళ కింద నలుపు దిగింది. అయినా పొద్దున్నే కుండ కింద పొయ్యి వెలిగించేది. కుండ సరిగ్గా వేడెక్కదు గనక తొలి రేకు ఎప్పుడూ నిండుగా రాదు, చిరుగుతుంది. పెళ్ళైన కొత్తల్లో ఆ చిరిగిన రేకు మీద చిటికెడు పంచదార వేసి మొగుడి చేతిలో పెట్టింది. అప్పట్నించీ ఏ ఒక్కరోజూ మానలేదు. వణికే చేతిలోనూ పెట్టింది. సగం పంచదార లుంగీ మీద పడేది.

ఆ రోజుల్లోనే వైజాగ్‌లో ఒక పరిశోధనశాలలో మనసు నిలబెట్టడం నేర్పుతున్నారని తెలిసి వెళ్ళారు. అక్కడ డాక్టర్ యామిని అని ఒకావిడ, పెన్ను మూత కొరికే అలవాటు తప్ప వంక పెట్టడానికి లేని మనిషి.

"వణుకుని తిట్టుకోకండి భీమేశ్వరరావుగారూ. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూడండి. వచ్చావా, కూచో, అన్నట్టు. ఊపిరి లోపలికెళ్తోంది, బయటికొస్తోంది. అంతే గమనించండి."

"ఆ చుట్టం వచ్చి ఏడేళ్ళయిందమ్మా. ఎప్పుడెళ్తుందో కాస్త కనుక్కోండి."

హాస్యమాడాడే గాని బుద్ధిగానే కూచున్నాడు. నిజంగానే, ఊపిరి మీద మనసు కుదిరిన ఒక్క నిమిషం వేళ్ళు నెమ్మదించేవి. అబ్బ, ఆగింది అనుకోగానే మళ్ళీ మొదలు. ఎంత కూచున్నా ఆ ఒక్క నిమిషమే.

యామినికి కావలసిందీ ఆ ఒక్క నిమిషమే. "మీ బుర్రలో తాళం తప్పింది. మనసు ఒకచోట నిలిచినప్పుడు కాస్త సర్దుకుంటోంది. కాని నిలబెట్టే ఓపికనే ఈ జబ్బు తినేస్తుంది. అందుకని, నిలబడగలిగిన మనసు ఇంకొకరిది తెచ్చి మీకు జత చేస్తాను," అంది.

ఆపరేషన్ చేసి అతని తలలో వెంట్రుకలాంటి తీగ పెట్టారు. అనంతలక్ష్మి చెవి వెనక రూపాయి బిళ్ళంత యంత్రం అతికించారు. ఆవిడ మనసు నిలిచినప్పుడు పుట్టే తాళం ఆ బిళ్ళలోంచి ఇతని తీగలోకి వస్తుంది. ఇద్దరూ ఎంత దూరంలో ఉన్నా ఫోను సిగ్నల్ ఉంటే చాలు. ఆవిడ తాళాన్ని రికార్డు చేసి వినిపిస్తే పోదా అని అదీ చూశారు. గంటలో అతని బుర్ర దానికి అలవాటు పడిపోయి పట్టించుకోవడం మానేసింది. బతికున్న మనసే కావాలి. ఇంకో సంగతి, ఒకసారి ఒకరితో కుదిరిన తీగ మరొకరితో కుదరదు.

అనంతలక్ష్మిని కూచోబెట్టి ఊపిరి గమనించమన్నారు. ఆవిడ తాళం చూపించే తెర మీద గీతలు జాతరలో జనంలా ఎగిరిపడ్డాయి. ఇటు భీమేశ్వరరావు చెయ్యి మంచం కోడుని టకటకా కొడుతోంది.

"ఏం ఆలోచిస్తున్నారండీ?" అంది యామిని.

"ఏం లేదండి. ఆయన చెయ్యి ఆగిందో లేదో అని."

"కళ్ళు తెరవకండి."

"తెరవట్లేదండి, లోపల్నించే చూత్తన్నా."

మూడు వారాలు అదే తంతు. నాలుగోవారం యామిని ఆ తెర ఉన్న పెట్టె సర్దుకుని వాళ్ళ ఊరికే వచ్చేసింది, ఇంట్లోనైనా కుదురుతుందేమోనని. పొద్దున ఆరింటికి వసారాలో కూచుని చూస్తోంది. అనంతలక్ష్మి పొయ్యిలో ఎండు కొబ్బరాకులు పెట్టింది. బోర్లించిన కుండ మీద నూనెగుడ్డ తిప్పింది. బియ్యం రుబ్బిన పాలల్లో పలచటి గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగింది. తొలి రేకు చిరిగింది. అది భీమేశ్వరరావు చేతిలో పెట్టింది. పంచదార ఎప్పట్లాగే చిందింది. ఆవిడ వెనక్కి తిరిగి రెండో రేకు వేసింది. మూడోది వేసింది.

నాలుగో రేకుకి అతని చెయ్యి ఆగిపోయింది.

ఎవరి చెయ్యో చూసుకున్నట్టు చూసుకున్నాడు. లేచాడు. గడప దాటాడు, కాళ్ళు అతుక్కోలేదు. నేతి గిన్నె దగ్గర బాసింపట్టు వేసుక్కూచుని రేకు అందుకుని మడత పెట్టాడు. ఒక్క పగులు లేదు. యామిని పెన్నుమూత కిందపడేసుకుంది.

"అనంతం! ఓసి, ఇటు చూడవే!"

ఆవిడ చూసింది. మొహం విప్పారిపోయింది. అంతే, అతని చెయ్యి ఎగిరిపడింది, రేకు ముక్కలైంది.

ఆ ముక్కల మధ్యే యామినికి అసలు సంగతి అర్థమైంది. రేకులు తీసేటప్పుడు ఆవిడకి ఏ ఆలోచనా ఉండదు, గుడ్డా కుండా తప్ప. కూర గురించి తలుచుకుంటే తెర మీద చిన్న గీత లేస్తోంది, దానికి అతని చెయ్యి కదలదు. మొగుణ్ణి తలుచుకుంటే పెద్ద గీత. "మీరు సంతోషపడ్డా బెంగపడ్డా యంత్రానికి ఒకటేనండి. మనసు ఆయన మీదికి మళ్ళిందా, ఆయన చెయ్యి వణుకుతుంది."

మొదట్లో అదో సరదా అయిపోయింది ఇద్దరికీ. ఆవిడ రావులపాలెం సంతకి వెళ్తే ఇతను అరుగు మీద కూచుని చెయ్యి చూసుకునేవాడు. పదకొండింటికి వేళ్ళు గలగలలాడితే ఫోను చేసేవాడు.

"ఇప్పుడేం తిట్టుకున్నావే నన్ను?"

"అయ్ బాబోయ్! తిట్టలేదండీ, మీకు మెత్తటి చెప్పులు బాగుంటాయేమోనని చూత్తన్నా."

యాభై ఎనిమిదేళ్ళొచ్చి, పెళ్ళాం తనని రోజుకి ఎన్నిసార్లు తలుచుకుంటుందో లెక్క తెలిసిన మగాడు భూమ్మీద అతనొక్కడే. ఆ గర్వం దాచుకోలేక కల్లుపాకలో కూడా చెప్పుకున్నాడు. రోజూ పొద్దున ఆరుంబావుకి పరిశోధనశాల తెర మీద ఒక పెద్ద గీత లేచేది. అదేమిటని యామిని ఫోనులో అడిగితే తొలి రేకు సంగతి చెప్పడానికి అనంతలక్ష్మి సిగ్గుపడి చచ్చింది.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. అనంతలక్ష్మి చెల్లెలి ఇంట్లో పేరంటానికి వెళ్ళింది. ఇతను డాబా మీద ఆరేసిన రేకులగుడ్డలు తడుస్తాయని పైకెక్కి తీసుకుని దిగుతున్నాడు. సగం మెట్లమీద చెయ్యి ఒక్క ఊపు ఊగింది, కాళ్ళు బిగుసుకున్నాయి. మిగతా మెట్లు దొర్లుకుంటూ దిగాడు. ఎడమ మణికట్టు విరిగింది, నుదురు చిట్లింది.

ఆసుపత్రి మంచం పక్కన ఆవిడ అడిగింది ఒక్కటే. "ఎన్నింటికండీ?"

"నాలుగున్నర అయ్యుంటుంది. ఏం?"

ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. "నాలుగున్నరకే అనుకున్నానండీ. అయ్యో, మెట్లు తడిసుంటాయి, జారతారేమోనని. నేనే తోసేశాను మిమ్మల్ని."

కాదని ఎంత చెప్పినా వినలేదు. యామినికి ఫోను చేసి, "నాకు సరిగ్గా నేర్పండమ్మా," అంది. యామిని నేర్పింది కూడా. తలపు వస్తే వచ్చిందని గమనించండి, దాన్ని తిట్టకండి, పట్టుకోకండి, వదిలేసి మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. అంతే ఆవిడ చెప్పింది. ఈవిడ విన్నది ఇంకొకటి. మర్నాడు తెల్లారగట్ల గోదారి రేవులో మూడు మునకలు వేసి తడిబట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కాశీకెళ్ళినోళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ ఒదిలేసొత్తారు కదండీ. నేను మీ మీద బెంగ ఒదిలేసొచ్చాను. నలభై ఒక్కరోజు దీక్ష."

"దోసకాయ వదిలేసినట్టా?" అని పకపకా నవ్వాడతను. ఆవిడా నవ్వింది. అతని విరక్కుండా మిగిలిన చెయ్యి ఆ నవ్వుకి కాస్త ఊగింది. తర్వాత తలుచుకుంటే, అలా ఊగడం అదే ఆఖరు.

దీక్షంటే మాటలు కాదు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక మొక్కిన మొక్కు తప్పిన మనిషి కాదు. తొలి రేకు చేతిలో పెట్టడం మానేసి పొయ్యిలో వేసింది. అతను భోంచేస్తుంటే ఎదురుగా కూచోవడం మానేసింది. అతని తలపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసి, ఊపిరి పీల్చి, వదిలి, గుడ్డ ముంచేది. గీతలు రోజుకింత తగ్గాయి. నలభై ఒకటో రోజుకి తెర మీద గీత నున్నగా పోయింది.

మణికట్టు అతుక్కుంది. భీమేశ్వరరావు చెయ్యి రాయిలా నిలిచింది. వందలకి వందలు రేకులు మడతపెట్టాడు, సైకిలు తొక్కాడు, కాలవగట్టున నడిచాడు. ఊరు ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. అనంతలక్ష్మికి బీపీ దిగింది. కంటినిండా నిద్రపోతోంది. కూనిరాగాలు తీస్తోంది. కళ్ళ కింద నలుపు పోయి మొహం తేటపడింది.

మరి ఇంకేం కావాలి మనిషికి? ఎవరితో చెప్పుకుంటాడు, నా పెళ్ళాం సుఖంగా ఉందండీ, నాకు బాధగా ఉందీ అని?

మంగలి దుకాణం నుంచి చెప్పకుండా రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. చెయ్యి చూసుకున్నాడు. కదల్లేదు. వానలో తడిసొచ్చాడు. ఆవిడ తువ్వాలు అందించింది, చెయ్యి కదల్లేదు. ఆకలిగా లేదని కంచం ముందు నుంచి లేచిపోయాడు. "సరేనండీ, మూత పెడతాను," అంది. అనంతం ఒకప్పుడు అతను ఒక్క ముద్ద తగ్గిస్తే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు మొహంలో విసుగూ లేదు, కోపమూ లేదు. నీళ్ళు తాగమన్నా అదే గొంతు, జ్వరమా అన్నా అదే గొంతు.

కార్తీకమాసంలో యామిని మళ్ళీ వచ్చింది. ఇంకో నలుగురికి ఇలాంటి తీగలు పెట్టబోతున్నారట, వీళ్ళని చూసి రాసుకోవడానికి. అరుగు మీద పెట్టె తెరిచి తెర చూసుకుంటోంది. అనంతలక్ష్మి కుండ దగ్గర ఉంది. భీమేశ్వరరావు పొయ్యిపక్కనున్న చిరిగిన రేకు కాల్చకముందే తీసుకుని, దొంగతనంగా పంచదార వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చెయ్యి బాగుపడింది గాని ఈ జబ్బుకి గొంతు కండలు మాత్రం నీరసించే ఉంటాయి. పొడి రేకు అంగిట్లో అతుక్కుని గొంతుకి అడ్డం పడింది.

ఊపిరి లేదు. అరవడానికి గొంతు లేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. యామిని చూసి కెవ్వున అరిచి పెట్టె పక్కకి తోసి లేచింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి గోలగోలగా ఏడుస్తున్నారు. అనంతలక్ష్మి గుడ్డ పక్కన పెట్టింది. వచ్చి అతన్ని ముందుకి వంచి వీపు మీద ఐదుసార్లు చరిచింది. వెనకనుంచి పట్టుకుని డొక్క కింద పిడికిలితో నొక్కింది. రేకు ఉండ బయటపడింది. నోరు తుడిచింది, గ్లాసుతో నీళ్ళు పట్టింది.

"నెమ్మదిగా తాగండి. కుండ మాడిపోతంది, వెళ్ళొత్తా," అని వెళ్ళి గుడ్డ ముంచింది.

"దేవతండీ మీ ఆవిడ!" అని కళ్ళు తుడుచుకుంటూ యామిని తెర చూసింది. "ఒక్క గీత కూడా లేవలేదండీ! మా పరిశోధన మొత్తంలో ఇంత నిలకడ..." అంటూ అతని మొహం చూసి ఆగిపోయింది.

అతను తన చెయ్యి చూసుకుంటున్నాడు. ప్రాణం పోయేటప్పుడు కూడా ఆ చెయ్యి నేతి గిన్నె పక్కన కదలకుండా పడుకుని ఉంది. తను చచ్చిపోతున్నానని అనంతం గుండె ఒక్కసారి కూడా జారలేదు.

యామిని మెల్లిగా వెళ్ళి కుండ దగ్గర కూచుంది. "అనంతలక్ష్మిగారూ, నేను వదిలెయ్యమన్నది తలపునండీ. మనిషిని కాదు."

"తేడా ఏవుందమ్మా?" అంది ఆవిడ, నిజంగానే తెలుసుకుందామని. "చెయ్యి ఆగింది కదా."

డాక్టరు లేచింది. మర్చిపోయింది మళ్ళీ నేర్పే యంత్రం తన దగ్గర లేదని భీమేశ్వరరావు ముందు ఒప్పేసుకుని, పెన్నుమూత కొరుక్కుంటూ కారెక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అతనే అడిగాడు. "అనంతం, పొద్దున నీకు భయమెయ్యలేదూ?"

ఆవిడ బియ్యం చెరుగుతున్న చేట ఆపి ఆలోచించింది. అబద్ధం ఆడే మనిషి కాదు. "వెయ్యాలి కదండీ. మీరడిగితే ఇప్పుడు వెతుకుతున్నా, కనపళ్ళేదు. ఇష్టం లేక కాదండోయ్. ఆ చోట ఏవీ లేదు, అంతే." చెప్పి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

బిళ్ళ తీసేస్తే? ఆ ఆశ ఒక్కటే మిగిలింది. వారం తర్వాత యామినికి ఫోను చేసి, ఒక్కరోజు యంత్రం ఆపమని బతిమాలాడు. ఆపారు. గంట గడిచేసరికి బొటనవేలు చూపుడువేలిని రాయడం మొదలుపెట్టింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. "వచ్చిందే అనంతం, వచ్చింది!" అని కేకేశాడు. కాసేపటికి గాని తట్టలేదు, ఈ వణుకు జబ్బుది. ఆవిడది కాదు.

సాయంత్రానికి స్నానాల గది గడప ముందు కొయ్యలా బిగుసుకుపోయాడు. లుంగీ తడిసింది. అనంతలక్ష్మి వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది, కడిగింది, బట్టలు మార్చింది, అన్నం మెత్తగా పిసికి తినిపించింది. ఒకప్పుడు ఇవన్నీ చేస్తూ సణిగేది, దేవుణ్ణి తిట్టేది, మధ్యలో ముక్కు చీదేది. ఇప్పుడు ఒక్క నిట్టూర్పు లేదు.

"చుట్టాన్ని చూసినట్టు చూడండి," అంది అతని చెయ్యి పట్టుకుని, ఎంతో మంచిగా.

ఆ మంచితనానికి అతను తల గోడకేసి కొట్టుకోవాలనుకున్నాడు. తల కూడా కదల్లేదు. ఆవిడ నడుం మళ్ళీ పట్టేసింది, బల్ల అంచు పట్టుకుని లేస్తోంది. తన కోసం ఆవిడ నడుం విరగ్గొట్టే హక్కు తనకి లేదు. తెల్లారగానే యంత్రం వెయ్యమని చెప్పాడు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి అతను నేతి గిన్నె దగ్గర కూచుంటాడు. కుడిచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, డాక్టరమ్మ నేర్పినట్టే ఊపిరి గమనిస్తూ చెయ్యి వంక చూస్తాడు. ఇదివరకు మనసు ఒక్క నిమిషం మించి నిలిచేది కాదు, ఇప్పుడు గంటసేపు రెప్ప వెయ్యకుండా చూడగలడు. చూడ్డానికి మాత్రం అక్కడ ఏమీ ఉండదు.

మొన్న ఒకరోజు ఆవిడ పొయ్యి వెలిగించి తొలి రేకు తీసింది. చిరిగింది. పొయ్యిలో వెయ్యబోతుంటే, "ఇలా తేవే," అన్నాడు. తెచ్చి ఇచ్చింది. పంచదార అతనే వేసుకోవాల్సి వచ్చింది. రేకు అరచేతిలో పెట్టుకుని, ఆవిడ చూస్తోందో లేదో ఓరగా చూసి, కావాలని చెయ్యి ఆడించాడు. వేళ్ళు గలగలలాడించాడు. పంచదార లుంగీ మీద చిందింది.

అనంతలక్ష్మి అటు తిరిగింది. చెవి వెనక బిళ్ళ తడిమి చూసుకుంది.

"వణికిందా ఏంటండీ? నేను చెదరలేదే."

"లేదులే. ఊరికే."

"అలాగా," అని ఆవిడ గుడ్డ ముంచి కుండ మీద లాగింది. రేకు నిండుగా వచ్చింది. భీమేశ్వరరావు లుంగీ మీద పంచదార ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కో పలుకే ఏరాడు. ఆ చేతిలోంచి ఒక్కటి కూడా జారలేదు.